ఐరన్ కంటే హెవీ

ఆమదాలవలస స్టేషను రోడ్డులో బోర్డు మీద నగరేశ్వరరావు పేరే ఉంటుంది గానీ, ఎవరినడిగినా అది పార్వతమ్మ కొట్టు అనే చెబుతారు. నగరేశ్వరరావు మెతక మనిషి. గల్లాపెట్టె దగ్గర కూర్చుని పేపరును సినిమా ప్రకటనలతో సహా చదువుతాడు. సరుకు చూసేదీ, తూచేదీ, తగువు పడేదీ భార్య పార్వతీదేవి. ఆమె నోటికి జడిసి టోకు వర్తకులు కందిపప్పును ఒకటికి రెండుసార్లు జల్లించి పంపేవారు. ఒకసారి జీలకర్రలో గడ్డిగింజలు కలిపి తెచ్చినవాణ్ణి స్టేషను దాకా తిట్టుకుంటూ వెంటపడితే, వాడు టిక్కెట్టు కూడా కొనకుండా కదులుతున్న రైలెక్కేశాడని ఇప్పటికీ చెప్పుకుంటారు.

నోరు మంచిది కాదు, సరుకు మంచిది. ముప్ఫై ఏళ్ళుగా ఆమె గురించి ఊరు అనే మాట అదొక్కటే. అలాంటి మనిషి చేతులమీదుగా విషం అమ్ముడుపోయింది. ఒళ్ళు మండే సంగతి అదీ.

తెచ్చినవాడు మరిది విజయ్‌కుమార్. అన్న కొట్లో కూర్చుని బెల్లం తూచడం నామోషీ అనుకునే రకం. సెల్‌ఫోన్ రీచార్జి కొట్టు పెట్టాడు, మూశాడు. మంచినీళ్ళ డబ్బాల వ్యాపారం పెట్టాడు, అదీ మూశాడు. రెండువేల పదిహేనులో విశాఖపట్నంలో ఏదో హోటల్లో కంపెనీ మీటింగుకని మామూలు చొక్కాతో వెళ్ళి, మెడలో టైతో, రెండు అట్టపెట్టెల నిండా డబ్బాలతో రైలు దిగాడు.

డబ్బా పేరు 'సంపూర్తి'. చాకొలెట్ వాసన వేసే గోధుమరంగు పొడి. పాలలో గిలక్కొట్టుకుని మూడు పూటలా తాగితే ఇక అన్నం అక్కర్లేదట. లావుగా ఉన్నవాళ్ళు సన్నబడతారట, సన్నగా ఉన్నవాళ్ళు ఒళ్ళు చేస్తారట. ఎవరు లావో ఎవరు సన్నమో పొడికెలా తెలుస్తుందని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. చుట్టూ వరి పండే ఊళ్ళో అన్నం మానెయ్యమని చెప్పాలంటే మెడలో టై ఉండాల్సిందే మరి.

కొట్టు పక్కన బస్తాలు వేసుకునే గదిని ఖాళీ చేయించి అందులో ఆరోగ్య కేంద్రం పెట్టాడు. తమ్ముడు ఒక దారిన పడితే అంతే చాలని నగరేశ్వరరావు పేపరు మడిచి తాళంచెవి ఇచ్చేశాడు. అంతటితో ఆగినా బాగుండేది.

"వదినా, నీ కొట్లో కూడా ఒక అర ఇయ్యి. నా సేత్తో ఇస్తే మందనుకుంటారు. నీ సేత్తో ఇస్తే తిండనుకుంటారు" అన్నాడు విజయ్‌కుమార్.

పార్వతీదేవి ఒక చెంచా నోట్లో వేసుకుని చప్పరించింది. పురుగు లేదు, ముక్కవాసన లేదు. సరే పెట్టుకోమంది.

డబ్బా ముందువైపు బంగారు రంగు ముద్రలో 'హెవీ మెటల్ టెస్టెడ్, సేఫ్' అని ఇంగ్లీషులో ఉంది. దాని అర్థం విజయ్‌కుమార్‌కీ సరిగ్గా తెలియదు. మీటింగులో చెప్పమన్నారు, చెబుతున్నాడు. తన కేంద్రం బోర్డు మీద కూడా ఉంటే బాగుంటుందని పెయింటర్ జోగయ్యకు తెలుగులో రాసిచ్చాడు: హెవీ మెటల్స్ ఉన్నదీ లేనిదీ పరీక్షించబడినది. జోగయ్యది పెద్ద అక్షరం. 'హెవీ మెటల్స్ ఉన్నది' వరకు వచ్చేసరికి రేకు అయిపోయింది.

"మిగతాదేదిరా?" అని విజయ్‌కుమార్ ఎగిరాడు.

"రేకు సాల్లేదు బావూ. ముఖ్యమైన ముక్క వచ్చీసింది కదేటి! సివర్న పరీచ్చ అని రాస్తే జనం ట్యూషననుకుంటారు" అన్నాడు జోగయ్య, బ్రష్షు కడుక్కుంటూ.

మర్నాడు చెరిపించి మళ్ళీ రాయించాలనే అనుకున్నాడు. కానీ మర్నాడు పొద్దున్నే బియ్యం మిల్లులో పనిచేసే ఆడవాళ్ళిద్దరు బోర్డు ముందు ఆగారు. హెవీ మెటల్స్ అంటే ఏటని ఒకావిడ అడిగింది. రెండో ఆవిడే జవాబు చెప్పేసింది: "ఆశమ్మలు ఐరన్ మాత్రలు ఇస్తారు కాదేటే? ఐరనంటే ఇనుమే కదా. ఇది దానికన్నా హెవీ అన్నమాట."

విజయ్‌కుమార్ నోరు తెరిచాడు. ఒక్క క్షణం ఆలోచించాడు. నోరు మూసుకున్నాడు. జోగయ్యను మళ్ళీ పిలవలేదు.

అబద్ధం ఆడినవాడికైనా నరకంలో ఏదో ఒక శిక్ష రాసి ఉంటుంది. ఎదుటివాడు పొరబడుతుంటే చూసి, ఆ పొరపాటు మీద కొట్టు నడుపుకున్నవాడికి ఏ శిక్ష రాశారో తెలియదు. మన పక్క ఏ ఇంట చూసినా రక్తం తక్కువైన ఆడపిల్ల ఒకతె ఉంటుంది. ఆసుపత్రి మాత్ర వేసుకుంటే కడుపులో తిప్పుతుంది, నోరు చేదవుతుంది. ఇక్కడేమో చాకొలెట్ రుచితో, ఐరన్ కంటే హెవీ అయినది పాలలో దొరుకుతోంది. నెల తిరక్కుండా ఆ మాట రైలెక్కి నౌపడ దాకా పోయింది.

పార్వతీదేవి కూడా నమ్మింది. నమ్మినట్టు నటించలేదు, నిజంగానే నమ్మింది. ఆమె తండ్రి లోహభస్మం తేనెలో రంగరించుకుని తినేవాడు. లోహమంటే బలమని చిన్నప్పటి నుంచీ విన్న మాట. పదో తరగతి చదివింది గానీ, ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కోవడమే తప్ప అర్థం తెలియదు. కందిపప్పులో కేసరిపప్పు కలిస్తే వేలితో ముట్టుకుని చెప్పగల మనిషి, పొడి దగ్గర మాత్రం ముద్రను నమ్మింది.

డబ్బాలకు ధర చీటీలు అంటించేది కూడా ఆమే. "ముందు బొమ్మ సెడకూడదు వదినా. ఎనకాల సన్నచ్చరాలున్నాయి సూడు, దానిమీద అంటించీ" అన్నాడు విజయ్‌కుమార్. ఆమె పని ఏదైనా శుభ్రంగా ఉంటుంది. ప్రతి చీటీనీ బొటనవేలితో అంచులదాకా రుద్ది మరీ అంటించింది.

నౌపడ దగ్గర పల్లె నుంచి తాయారు నెలకోసారి పాసింజరు బండిలో వచ్చేది. మెట్టచేలో పండిన ఉలవలో నువ్వులో తెచ్చి పార్వతీదేవికి వేసి, నెల సరుకు పట్టుకెళ్ళేది. ఇద్దరిదీ పదిహేనేళ్ళ పరిచయం. తాయారు కోడలు రాజకుమారికి అంతకుముందు రెండు కడుపులు నిలవలేదు. ఇది మూడోది, అయిదో నెల. ఆ నెల తాయారు ఉలవల బస్తా దించి, చెమటైనా తుడుచుకోకుండా అడిగింది.

"రగతం ఏడే ఉన్నాదంట సావుకారమ్మా. మాత్రేస్తే డోకు. దొడ్డికి నల్లగెల్తన్నాదని గుంట బెంగెట్టుకున్నాది. మీ బోర్డు సూసినాను. అది ఇయ్యొచ్చేటి? నువ్వు ఇమ్మంటే ఇస్తాను, ఒద్దంటే ఒగ్గేస్తాను."

"ఇయ్యే తాయారూ. మాత్రల్లాగ కడుపులో తిప్పదు. మూడు పూట్లా పట్టు" అంది పార్వతీదేవి.

తాయారు ఉలవలు అమ్మి డబ్బా కొనుక్కెళ్ళింది. ఉలవచారు తాగాల్సిన పిల్లకు ఆ ఉలవలు అమ్మి ఈ పొడి పట్టారు. ఆశ కార్యకర్త ఇచ్చిన ఐరన్ మాత్రలు చూరులో దోపేశారు. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు, అలాగే అయింది.

రెండు నెలలు గడిచాయి. పార్వతీదేవి కూతురు అర్చన ఎచ్చెర్ల యూనివర్సిటీలో కెమిస్ట్రీ చదువుతోంది. బోర్డు చూసినప్పుడు జోగయ్య సగం రాసి వదిలేశాడనుకుని నవ్వి ఊరుకుంది. ఒక ఆదివారం ఇంటికొచ్చి, హాస్టలుకు జంతికలు పట్టుకెళ్ళడానికి ఖాళీ సంపూర్తి డబ్బా ఒకటి తీసి నీళ్ళ గాబు దగ్గర నానబెట్టింది. కాసేపటికి ధర చీటీ ఊడి నీళ్ళలో తేలింది. అర్చన డబ్బా ఎత్తి చదివింది. మళ్ళీ చదివింది.

"అమ్మా, ఇది ఎవరికైనా చదివి చెప్పారా?"

"ఏటున్నాదే?"

అర్చన ఒక్కొక్క ముక్కా తెలుగులో చెప్పింది. ఇందులో సీసం, కాడ్మియం కొద్ది మోతాదులో ఉన్నాయి. రోజుకు ఒక్క కప్పుకు మించి తాగరాదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, చిన్నపిల్లలు డాక్టరును అడగనిదే వాడరాదు.

"సీసం కూడా లోహమే కదే" అంది పార్వతీదేవి.

"లోహమే అమ్మా. బ్యాటరీల్లో వేసే లోహం. ఒంటికి అది విషం. టెస్టెడ్ అంటే ఎంతుందో చూశారని. బలానికి వేశారని కాదు."

పార్వతీదేవి లెక్క తెలిసిన మనిషి. రాజకుమారి అయిదో నెలకు రెండు కలిపితే ఏడు. చేతులు తుడుచుకోకుండానే, ఆ తడి డబ్బా పట్టుకుని పక్క గదిలోకి వెళ్ళింది. అక్కడ అయిదారుగురు గ్లాసులు పట్టుకుని కూర్చున్నారు. విజయ్‌కుమార్ వాళ్ళకు క్రమశిక్షణ గురించి చెబుతున్నాడు.

"ఒరే విజయ్, ఇది నీకు తెలుసునా?"

అతను డబ్బా చూశాడు. నవ్వు తెచ్చుకున్నాడు.

"అది రూలు వదినా. అందరూ వేస్తారు. అంతా లిమిట్‌లోనే ఉన్నాది, అందుకే సేఫ్ అన్నారు."

"లిమిట్ ఎన్ని కప్పులకిరా?"

"ఒక కప్పుకి."

"నువ్వు ఎన్ని తాగమన్నావు?"

గ్లాసులు పట్టుకున్నవాళ్ళు గ్లాసుల్లోకి చూసుకున్నారు. పరువు పోతోందనేసరికి విజయ్‌కుమార్‌కు గొంతు లేచింది.

"ఓహో, నువ్వేదో పతివ్రతవైనట్టు! సిగరెట్టు పెట్టె మీద కేన్సర్ బొమ్మ లేదేటి? నువ్వు అమ్మటం లేదేటి?"

"అమ్ముతన్నాను. ఆ బొమ్మ మీద సీటీ అంటించమని ఎవడూ నాకు సెప్పలేదురా. నువ్వు సెప్పినావు."

"సెప్తే? అంటించింది నువ్వే కదా!"

ఆ మాట వాడు పగతో అన్నాడు. పగతో అన్నా నిజమే అన్నాడు. పార్వతీదేవి కొట్లోకి వచ్చి తన అరలో ఉన్న పదకొండు డబ్బాలూ తీసి వీధిలో కాలవలో పారబోసింది. నగరేశ్వరరావు పేపరు పక్కనపెట్టి, ఇంటి మాట ఇంట్లోనే తేల్చుకుంటే పోయేది కదా అని గొణిగాడు. పెళ్ళయ్యాక మొదటిసారి ఆమె అతన్ని పదిమందిలో నోరు మూసుకోమంది.

మధ్యాహ్నం బండికే నౌపడ వెళ్ళింది. ఉప్పుమళ్ళ గట్టు దాటుకుని పల్లెకు చేరేసరికి తాయారు వాకిట్లో నువ్వులు చెరుగుతోంది. అరుగు మీద రాజకుమారి, చేతిలో గ్లాసు. పార్వతీదేవి పలకరింపైనా లేకుండా ఆ గ్లాసు లాక్కుని పారబోసింది. చెప్పాల్సిందంతా నిలబడే చెప్పింది. చీటీ సంగతి దాచలేదు.

తాయారు చేట కింద పెట్టింది.

"ఆ బోర్డుని నమ్మినానేటి నాను? నీ మరిదిని నమ్మినానేటి? ఆడి మొకం నాకెందుకు! నిన్ను నమ్మినాను. పుచ్చు పప్పైనా ఇయ్యవు నువ్వు. ఈ గుంటకి సీసం ఇచ్చినావు."

"తెలీలేదే తాయారూ."

"తెలీకపోతే తెల్దని సెప్పాలి. పట్టు అన్నావు. మూడు పూట్లా పట్టు అన్నావు."

రాజకుమారి ఇద్దరినీ మార్చి మార్చి చూసి, కడుపు మీద చెయ్యి వేసుకుంది. "పిల్లకేటవుద్ది?" అని అడిగింది.

మర్నాడు ముగ్గురూ శ్రీకాకుళంలో ఒక నర్సింగ్ హోముకు వెళ్ళారు. డాక్టరమ్మ ముందు రక్తం చూసింది. ఏడు ఉన్నది ఆరుకు దిగింది. మాత్రలు మానేసి చాకొలెట్ పాలు తాగితే దిగక ఏమవుతుంది! ఆ రోజు నుంచే ఇనుము సూదులు మొదలుపెట్టింది. సీసం పరీక్ష మాత్రం తమ దగ్గర లేదు, రక్తం తీసి పై ఊరు పంపాలంది.

"డబ్బాకి పరీచ్చ సేసినారంట కదమ్మా" అంది తాయారు. "ఆ సేసినోలెవులో మా గుంటకీ సెయ్యలేరేటి?"

డాక్టరమ్మ తల వంచుకుని చీటీ రాసింది.

కాగితం రావడానికి పదిహేను రోజులు పట్టింది. ఉండకూడనంత ఉందని అందులో తేలింది. మరీ ఎక్కువేం కాదు, కానీ తల్లి ఒంట్లో ఉన్నది బిడ్డకూ వెళుతుందని డాక్టరమ్మ చెప్పింది. పుట్టగానే చూసి చెప్పడానికి ఇది గ్రహణం మొర్రి లాంటిది కాదట. పిల్ల నడవాలి, మాట్లాడాలి, బడికెళ్ళి నాలుగు అక్షరాలు దిద్దాలి. బుద్ధి మందగిస్తే అప్పుడు తెలుస్తుంది. మందగించకపోనూ వచ్చు. ఇప్పుడే ఎవరూ చెప్పలేరు.

పార్వతీదేవి ఆహార భద్రత శాఖకు ఫిర్యాదు పెట్టింది. ఒక అధికారి వచ్చి, కుర్చీలో కూర్చుని, డబ్బాను అటూ ఇటూ తిప్పాడు. హెచ్చరిక అచ్చువేసి ఉంది కాబట్టి కంపెనీ తప్పు లేదన్నాడు. దాన్ని కప్పెయ్యడం మాత్రం నేరమేనన్నాడు. ఎవరు కప్పారని అడిగాడు.

"నేనే" అంది పార్వతీదేవి. "రాసుకోండి."

అతను ఆమెను కాసేపు ఎగాదిగా చూసి, సంతకం పెట్టగలరా అమ్మా అన్నాడు. పెట్టింది. కొట్టు మీద జరిమానా పడింది. సంపూర్తి కంపెనీ మీద దుమ్ము కూడా పడలేదు.

విజయ్‌కుమార్ వేరుపడి రోడ్డుకు అవతలి పక్క గది తీసుకున్నాడు. ఈసారి జోగయ్య రేకు కాదు, దీపాల బోర్డు. 'హెవీ మెటల్స్ ఉన్నది' అన్న ముక్కను ఎర్రక్షరాల్లో, మరింత పెద్దదిగా వేయించాడు. జనం అక్కడికీ వెళ్ళారు. మరిది ఎదుగుతుంటే వదినకు కంటగింపుగా ఉందని ఊరు అనుకుంది. పార్వతీదేవి కొట్టు గుమ్మంలో నిలబడి, కడుపుతో ఉన్నదాన్ని ఎవరిని చూసినా రోడ్డు మధ్యకు వెళ్ళి ఆపేది. కొందరు ఆగారు. చాలామంది తప్పుకుని పోయారు. ఒకావిడ, "నీ సరుకు అమ్ముడవ్వాలని ఎంతకైనా తెగిస్తావేటమ్మా" అని మొహం మీదే అనేసింది. ఆ రోజు పార్వతీదేవి ఆవిణ్ణి తిట్టిన తిట్లు ఇక్కడ రాయడానికి వీలుకావు. అన్నీ న్యాయమైనవే.

రాజకుమారికి ఆడపిల్ల పుట్టింది. తూకం రెండుంబావు కిలోలు. కబురు తాయారు పంపలేదు, ఆ పల్లె నుంచి సరుక్కొచ్చిన ఇంకెవరో చెప్పారు. తాయారు ఉలవలు ఇప్పుడు టెక్కలి కొట్టుకు వెళుతున్నాయని కూడా వాళ్ళే చెప్పారు.

ఇరవయ్యొకటో రోజున పార్వతీదేవి పిల్లకు మెత్తటి పాత చీర ముక్కలు, ఒక వెండి మొలతాడు పట్టుకుని వెళ్ళింది. తాయారు గుమ్మంలో అడ్డంగా నిలబడింది. రమ్మనలేదు, కూర్చోమనలేదు.

"పిల్లెలాగున్నాదే?"

"ఉన్నాది. పాలు తాగతన్నాది, ఏడుస్తన్నాది, పడుకుంటన్నాది."

"దేవుడు సల్లగా సూసేడు. ఒక్కసారి సూడనియ్యే తాయారూ."

లోపల పిల్ల కదిలినట్టుంది, ఉయ్యాల కిర్రుమంది. రాజకుమారి లేవబోతే తాయారు వెనక్కి తిరక్కుండానే చేత్తో ఆగమంది.

"ఇప్పుడు సూస్తే ఏటి కనబడతాది నీకు? కల్లున్నాయి, ముక్కున్నాది. అవి నాకూ కనబడతన్నాయి. డాట్రమ్మ మాట నువ్వూ ఇన్నావు కదా. ఐదేల్లు రానీ. ఇస్కూలుకేస్తాను. పలక మీద అ, ఆ రాసిందనుకో, నానే రైలెక్కించి తెస్తాను, అప్పుడు సూద్దువుగాని."

"రాయకపోతే?" అన్న మాట పార్వతీదేవి నోట్లోంచి దానంతటదే వచ్చేసింది.

"రాయకపోతే అప్పుడూ తెస్తాను" అంది తాయారు. తలుపు వేసుకుంది.